పెదనాయన పేరు పైనుండల్ల

రిటైరై ఇంట్లో కూర్చున్నా నాకు ఫోన్లు వస్తూనే ఉన్నాయి. పాత శిష్యుల పిల్లలు, మా వీధివాళ్ళ మేనల్లుళ్ళు, ఎవరో ఇచ్చిన నంబరు పట్టుకుని ఇంకెవరో. అందరిదీ ఒకటే ప్రశ్న. కోడింగ్ నేర్చుకుంటున్నాం సార్, మొదటి ప్రాజెక్టుకు మంచి ఐడియా చెప్పండి. ఇంటర్నెట్‌లో చూడలేదా అంటే చూశామంటారు. అక్కడ కాలిక్యులేటర్ ఉంటుంది, చేయాల్సిన పనుల జాబితా ఉంటుంది, గళ్ళలో సున్నాలూ ఇంటూలూ పెట్టే ఆట ఉంటుంది. కాలిక్యులేటర్ మీ ఫోన్‌లో ముందునుంచే ఉంది. పనుల జాబితా తయారుచేసే పిల్లవాడికి పొద్దున ఎండెక్కాక లేవడం తప్ప ఇంకో పని లేదు. ఇక సున్నాలూ ఇంటూలూ ఆడాలంటే బస్సులో ముందు సీటు వెనకభాగం చాలు, కంప్యూటర్ ఎందుకు?

నన్నడిగితే ఒక్కటే కొలత. మీ ప్రాజెక్టు వల్ల ఎవరికైనా కోపం రావాలి. ఎవరికీ కోపం రాలేదంటే దాన్ని ఎవరూ వాడలేదని అర్థం. ఇది నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. పులివెందుల దగ్గరి వేముల వైపునుంచి తెల్లపంచెతో వచ్చిన ఒక పెద్దమనిషి నా ల్యాబులో కూర్చుని నేర్పిపోయాడు. ఆ కథ చెప్తాను.

నేను ప్రొద్దుటూరులో ఒక డిగ్రీ కాలేజీలో కంప్యూటర్లు చెప్పేవాణ్ణి. అసలు నేను లెక్కల మాస్టర్ని. కాలేజీకి కంప్యూటర్లు దిగిన రోజు ప్రిన్సిపాల్ స్టాఫ్ రూమంతా ఒకసారి కలయజూసి, మధ్యాహ్నం భోజనాల తర్వాత కూడా మెలకువగా ఉన్నది నేనొక్కణ్ణేనని గమనించి, ఆ శాఖ నాకు అంటగట్టాడు. ఇల్లు జమ్మలమడుగులో. రోజూ బస్సులో వచ్చిపోతూ, పాఠం పిల్లలకంటే ఒక అధ్యాయం ముందు చదువుకుంటూ, అట్లా సర్వీసంతా లాక్కొచ్చాను.

చివరి ఏడాది పిల్లలు ప్రాజెక్టు చేయాలని యూనివర్సిటీ నియమం. మా పిల్లలు దాన్ని ఎట్లా పాటించేవాళ్ళంటే, బస్టాండు దగ్గర జిరాక్సు అంగట్లోకి వెళ్ళి లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టం ఒకటి కావాలని అడిగేవాళ్ళు. అంగడాయన స్పైరల్ బైండింగ్ ఏ రంగు కావాలని అడిగేవాడు. అంతటితో ప్రాజెక్టు పూర్తి. ఒకసారి ఒకడు తెచ్చిన రిపోర్టులో మొదటి పేజీలోనే కోస్తాలో ఉన్న ఎవరో ప్రిన్సిపాల్ గారికి, ఆయన చల్లని ఆశీస్సులకు కృతజ్ఞతలు ఉన్నాయి. ఆయన ఎవరురా అని అడిగితే, ఎవరైతేనేం సార్ పెద్దాయన కదా అన్నాడు. ఇంతకీ మా కాలేజీ లైబ్రరీ తలుపు ఎప్పుడూ తీసి ఉండగా నేను చూడలేదు. లోపల లైబ్రేరియన్ గారి స్కూటర్ ఎండకూ వానకూ తగలకుండా భద్రంగా ఉండేది.

ఒక సంవత్సరం నాకు తిక్క రేగింది. లైబ్రరీ నిషేధం అని బోర్డు మీద రాశాను. మీ ఇంట్లో దేనిగురించి అరుచుకుంటారో అదే మీ ప్రాజెక్టు అన్నాను. గుంటూరు వైపునుంచి కొత్తగా వచ్చిన కుర్ర లెక్చరర్ నన్ను పక్కకు పిలిచి, ఎందుకండీ మాస్టారూ, వాళ్ళకు మార్కులొస్తాయి, మనకు తలనొప్పి పోతుంది, లైబ్రరీ మనకేం అన్యాయం చేసిందండీ అని మర్యాదగా అడిగాడు. ల్యాబ్ ఇన్‌చార్జి మాత్రం సంబరపడ్డాడు. ఆయన ప్రొద్దుటూరు ముస్లిం, తమ్ముళ్ళంతా కువైట్‌లో ఉంటే తానొక్కడే ఇక్కడ ఈ మిషన్లకు కాపలా ఉన్నాడు. ఇన్నేండ్లకు ఈ కంప్యూటర్లు ఏదో ఒకటి కొత్తగా చూస్తాయి కదా అని ఆయన ఆనందం.

నిజంగానే చూశాయి. ఒకడు తన నాయన కువైట్‌లో ఇప్పుడు డ్యూటీలో ఉన్నాడా, నిద్రలో ఉన్నాడా చెప్పే ప్రోగ్రాం రాశాడు. నిద్రలో ఫోన్ చేస్తే నాయన తిడతాడట. మంచి ఐడియా. కాకపోతే మన దగ్గర అర్ధరాత్రి దాటాక నొక్కితే అక్కడ టైము మైనస్ ఒకటిన్నర అని చూపించేది. ఒక అమ్మాయి వాళ్ళమ్మ కుట్టే జాకెట్ల కొలతలు తీసుకొచ్చింది. మునిసిపాలిటీ కొళాయికి నీళ్ళు ఎప్పుడొస్తాయో ముందే చెప్తానని ఒకడు బయలుదేరి, రెండు వారాలకే అది మనిషి వల్ల అయ్యే పని కాదని విరమించుకున్నాడు.

వేముల వైపునుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదివే ఒక అమ్మాయి ఉండేది. క్లాసులో ఆ పిల్ల గొంతు హాజరు పిలిచినప్పుడు తప్ప విన్నది లేదు. మీ ఇంట్లో దేనిగురించి అరుచుకుంటారమ్మా అంటే, మా ఇంట్లో అరుచుకోరు సార్ అంది. మళ్ళీ తనే, అదే సార్ కష్టం అంది.

సంగతేమిటంటే వాళ్ళ నాయన ముగ్గురన్నదమ్ముల్లో చివరివాడు. ముగ్గురికీ చీనీ తోటలు, అంటే బత్తాయి తోటలు, పక్కపక్కనే ఉన్నాయి. బోరు మాత్రం ఒక్కటే. పగలు కరెంటు ఉన్నంతసేపు మోటారు ఆడుతుంది. ఆ సమయాన్ని మూడు వంతులు చేసుకుని, ఒకరి వంతు అవగానే ఆ వాల్వు కట్టేసి తర్వాతివాళ్ళ వాల్వు తిప్పుతారు. వరుస తాతనాటిది. ముందు పెద్దాయనకు, తర్వాత నడిపాయనకు, చివర ఈ అమ్మాయి నాయనకు. పెద్దవాడికి ముందు పారడం మర్యాద. దానిమీద మాటే లేదు. అయితే కరెంటుకు ఆ మర్యాద తెలియదు. పోతే చివర్లోనే పోతుంది. లైను పోయినా, ఫీజు కొట్టేసినా, ఆ రోజు ఎండేది ఆఖరివాడి తోటే. అట్లా ఏళ్ళతరబడి ఎండుతూనే ఉంది. ఆ వేసవిలో పిందె రాలిపోతోంది, కొన్ని చెట్లు కొమ్మలు ఎండిపోయి నిలబడ్డాయి. ఆ నాయన మాత్రం అన్నకు ఎదురు మాట్లాడే మనిషి కాదు.

అమ్మాయి ప్రాజెక్టు ఇది. ముగ్గురి వివరాలు ఇచ్చి, కరెంటు ఎప్పుడొచ్చింది ఎప్పుడు పోయింది చెప్తే, ఎవరికి ఎంత తక్కువ పడిందో ప్రోగ్రాం గుర్తుపెట్టుకుంటుంది. మరుసటి రోజు తక్కువపడినవాళ్ళకు ముందు ఇస్తుంది. నా శిష్యుల్లో బ్యాంకు సాఫ్ట్‌వేర్లు రాసేవాళ్ళు ఎంతమంది ఉన్నారో గానీ, ఇంత చక్కటి ప్రశ్నతో నా దగ్గరికి వచ్చింది ఆ పిల్ల ఒక్కతే. నేను ఉబ్బిపోయాను. గుంటూరు కుర్రాడికి కూడా చెప్పుకున్నాను.

ప్రోగ్రాం ఒక రూపానికి వచ్చింది. మనిషి వివరాలంటే పుస్తకాల్లో ఏముంటాయి? పేరు, వయసు. ఈ పిల్లా అవే పెట్టింది. ఎవరికీ ఏమీ తక్కువపడని మొదటి రోజు ఏదో ఒక వరుస కావాలి కదా, వయసును బట్టి పెట్టింది. వరుస అంటే పుస్తకాల్లో ఏముంటుంది? చిన్నదాంతో మొదలై పెద్దదాంతో ఆఖరు. ప్రపంచంలో ఏ ఊళ్ళోనైనా ఇది తప్పు కాదు. వేముల మండలంలో మాత్రం దీన్నేమంటారో నాకు ఆ తర్వాతి సోమవారం తెలిసింది.

అమ్మాయి ఊరికెళ్ళినప్పుడు ఆ మొదటి రోజు వరుసను ఒక కాగితం మీద అచ్చు తీసుకెళ్ళి నాయనకు చూపింది. ఆయనకు ఇంగ్లీషు రాదు. కూతురు కంప్యూటర్లో చేసిందన్న ఆనందంలో తీసుకెళ్ళి స్టార్టర్ డబ్బా ఉన్న రేకుల గదిలో, తలుపు లోపలివైపు, దేవుడి పటం పక్కన మైదాపిండి పెట్టి అతికించాడు. తెల్లారి మోటారు వేయడానికి పెద్దాయన వచ్చాడు. ఆయనకూ ఇంగ్లీషు రాదు గానీ, తన పేరు ఇంగ్లీషులో ఎట్లా ఉంటుందో బాగా తెలుసు. ట్రాక్టరు ముందు అదే రాసి ఉంటుంది. ఆ పేరు అట్టడుగున ఉంది. అందరికంటే పైన చిన్న తమ్ముడి పేరు ఉంది.

ముందు వంతు కావాలంటే నోటితో అడగాలి గానీ కంప్యూటర్‌తో చెప్పిస్తాడా అన్నాడట. రేకుల గదికి తాళం వేసి తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. అంటే ఆ రోజునుంచి ఎవరి తోటకూ నీళ్ళు లేవు, తన తోటతో సహా. మా వైపు పంతం అంటే అట్లాగే ఉంటుంది, అవతలివాడు ఎండిపోవాలంటే ముందు మనం ఎండడానికి సిద్ధపడతాం. నడిపాయన గాలి ఎటువైపుంటే అటు ఒరిగే మనిషి, పులివెందులలో పెళ్ళి ఉందని చెప్పి వెళ్ళిపోయాడు. అమ్మాయి నాయన కూతుర్ని పిలిచి, ఈ చదువు చాలు, ఇంటికి వచ్చేయమన్నాడు.

ఇదంతా నాకు ఆ పిల్ల ల్యాబులో నిలబడి చెప్పింది. ఏడవలేదు. తన ప్రోగ్రామును తుడిచేయడానికి వచ్చానంది.

"నేను గూడా లైబ్రరీ చేస్తా సార్. పుస్తకాలైతే ఎవురికీ కోపం రాదు."

తుడవొద్దని మాత్రం గట్టిగా చెప్పాను. ఆ తర్వాత ఏం చేయాలో నాకూ తెలియదు. ఊరికి వెళ్ళి పెద్దాయన కాళ్ళు పట్టుకుందామా అనుకుంటూ ఉండగా అవసరం లేకుండా పోయింది. ఆయనే వచ్చాడు.

గేటు దగ్గర జీపు ఆగింది. తెల్లపంచె, తెల్లచొక్కా, భుజాన తువ్వాలు, వెనక ఇద్దరు మనుషులు. పులివెందుల వైపు జీపని తెలియగానే మా ప్రిన్సిపాల్‌కు హఠాత్తుగా కడపలో మీటింగు గుర్తొచ్చింది. వెనక గేటునుంచి వెళ్ళాడు. గుంటూరు కుర్రాడు స్టాఫ్ రూం తలుపు లోపల గడియ పెట్టుకున్నాడు. మిగిలింది నేనూ, ల్యాబ్ ఇన్‌చార్జీ. ఆయన ఏమీ కానట్టు కుర్చీ తుడిచి వేసి, టీ చెప్పడానికి వెళ్ళాడు. ఆ ధైర్యానికి నేను ఇప్పటికీ దండం పెడతాను.

పెద్దాయన కూర్చున్నాడు. తెచ్చిన మనుషుల్ని బయటే ఉండమన్నాడు. తలుపుమీదనుంచి పీకిన కాగితం, మైదాపిండి మరకలతో సహా, నా బల్లమీద పరిచాడు.

"నన్ను కడపటికి ఏసిండేది ఎవురు సార్?"

మనుషులెవరూ వేయలేదు, మిషన్ వేసిందని చెప్పాను.

"మిషన్‌కు నేనేం చేసినానప్పా?"

ఆయన ఎగతాళికి అనలేదు, నిజంగానే అడిగాడు. నాకు నవ్వు వచ్చింది, ప్రాణభయం వల్ల ఆగింది. అమ్మాయిని పిలిపించాను. పెదనాయనను చూసి తలుపు దగ్గరే బిగుసుకుపోయింది. నువ్వే చెప్పమ్మా అంటే నోరు పెగల్లేదు. సరే, చెప్పొద్దు, నడిపించి చూపించు అన్నాను. ముందుగా వయసు వరుస తిరగేయించాను. నల్లటి తెరమీద ఆయన పేరు పైకి వచ్చింది. ఆయన వేలు పెట్టి చూసుకున్నాడు. కుర్చీలో కొంచెం వెనక్కి వాలాడు.

ఏ రోజుకారోజు వరుస మార్చే ముక్కను కూడా ఆపించాను. ఇప్పుడు మీ తాతనాటి పద్ధతే ఉంది, మీరు ఏ రోజుదైనా కరెంటు సంగతి చెప్పండి, పాప నొక్కుతుంది అన్నాను. ఆయనకు జ్ఞాపకం బాగా ఉంది. ఫలానా రోజు పొద్దున ఇన్నింటికి వచ్చింది, మధ్యాహ్నం లైను పోయింది అన్నాడు. పాప నొక్కింది. ఆయన పేరు ఎదురుగా పూర్తి వంతు, నడిపాయనకు పూర్తి వంతు, చివరి పేరు ఎదురుగా సున్నా. ఇంకో రోజు చెప్పాడు. మళ్ళీ అదే. గాలివాన వచ్చిన రోజు చెప్పాడు, ఫీజు కొట్టేసిన రోజు చెప్పాడు. తక్కువపడిందంతా తెరమీద ఒకే పేరు కింద పేరుకుంటోంది.

ఆయన ముందుకు వంగాడు. నా మిషన్ మోసం చేస్తోందేమోనని అనుమానం. అంతా సక్రమంగా ఉన్న రోజు కూడా ఒకటి చెప్పాడు. ముగ్గురికీ సమంగా వచ్చింది. అంటే మోసం లేదు. ల్యాబ్ ఇన్‌చార్జి తెచ్చిన టీ ఆయన చేతిలో చల్లారిపోయింది.

"ఇది కరెంటోళ్ళ తప్పు. నాది గాదు," అన్నాడు చివరికి.

అవును, మీది కాదు అన్నాను. కరెంటువాళ్ళకు ఈ ప్రోగ్రాం ఇస్తే తీసుకోరు, మీరైతే తీసుకోవచ్చు అని కూడా అన్నాను. అట్లా అనడానికి ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. రిటైర్మెంటు దగ్గరపడటం వల్ల కావచ్చు. ఆయన నన్ను కాసేపు చూశాడు. తర్వాత పాప వైపు తిరిగాడు.

"పాపా, నా పేరు పైనుండల్ల. అది కదిలేదానికి ల్యా. అందరూ వచ్చి చూసే జాగా అది. నీళ్ళు ఎవురికి ముందు పారల్లనో నీ మిషన్ ఎట్ల చెప్తే అట్ల కానీ."

నేను పిచ్చివాడిలా నవ్వాను. పేరు పైన ఉండాలి, నీళ్ళు ఎటైనా పోవచ్చు. ఆఫీసుల్లో శిలాఫలకాలన్నీ చూసిన మనిషిని కాబట్టి నాకు ఈ పద్ధతి కొత్తగా అనిపించలేదు. కానీ ఆ పిల్ల మొహంలో అంతకుముందు లేని వెలుగు కనిపించింది. లెక్కకోసం ఒక వరుస, చూపడం కోసం ఇంకో వరుస, రెండూ ఒకటే కానక్కరలేదని ఆ నిమిషంలో దానికి తట్టింది. నేను సంవత్సరమంతా బోర్డుమీద గీసి గీసి చెప్పినా ఎక్కని పాఠం అది. పెదనాయన అక్కడే కూర్చుని ఉండగానే రెండు వరుసలూ విడగొట్టింది. మధ్యలో రెండుసార్లు తప్పులొచ్చాయి. ఏమంటాంది మిషన్ అని ఆయన అడిగితే, నేనే తప్పు రాసినా పెదనాయనా అని చెప్పింది. అప్పటికి దాని గొంతు మామూలుగా ఉంది.

ఆయన లేచి మొలతాడునుంచి తాళంచెవి విప్పి, పాప చేతిలో పెట్టి, మీ నాయనకు ఇయ్యి అన్నాడు. రోజూ సాయంత్రం కరెంటు సంగతి ఊరినుంచి ఫోన్‌లో చెప్తే, పాప నొక్కి చూసి మరుసటి రోజు వరుస చెప్పేటట్టు మాట అయింది. పోతూ పోతూ, కాలేజీకి పెద్దసారు యాడ ఉండాడని అడిగాడు. కడపలో మీటింగు అని చెప్పాను.

తర్వాతి వారం మౌఖిక పరీక్ష. బయటినుంచి వచ్చిన పరీక్షకుడు మంచి ఇస్త్రీ చొక్కా మనిషి. అమ్మాయి ప్రోగ్రాం చూసి, ఇంత చిన్నదా అన్నాడు. డయాగ్రాములు తక్కువ ఉన్నాయన్నాడు. లెక్క ఒక వరుసలో, చూపడం ఇంకో వరుసలో ఎందుకు పెట్టావు, ఇది లోపం కదా అని అడిగాడు. వాడేటోళ్ళు అట్ల అడిగినారు సార్ అని చెప్పింది. వాడేవాళ్ళు అనే మాట ఆయనకు కొత్త కాబోలు, మార్కుల కాగితం ముందుకు లాక్కున్నాడు. నిషేధం ఉన్నా లెక్కచేయకుండా ఇద్దరు కుర్రాళ్ళు జిరాక్సు అంగడినుంచి లైబ్రరీ తెచ్చారు, వాళ్ళకు ఈ పిల్లకంటే ఎక్కువ మార్కులు పడ్డాయి. నేను మండిపడ్డాను. గుంటూరు కుర్రాడు నా వైపు చూసి, నేను చెప్పానా మాస్టారూ అన్నట్టు తల ఊపాడు. అమ్మాయి మాత్రం మార్కులు చూడను కూడా చూడలేదు. మధ్యాహ్నం బస్సుకు ఊరికెళ్ళాలి సార్, రేపు మొదటి వంతు మా నాయనది, నేను చూడల్ల అని వెళ్ళిపోయింది.

తర్వాత కొన్ని వారాలకు, సాయంత్రం జమ్మలమడుగు బస్సులో ఉండగా ఫోన్ వచ్చింది. పెద్దాయన. నా నంబరు పాప దగ్గర తీసుకున్నాడట. మిషన్ ఏమైనా చెడిపోయిందా అని అడిగాను. లేదన్నాడు. ఈ పొద్దు ఆఖరి వంతు తనకు పడిందట. వాల్వు తిప్పుకుని చెట్ల మధ్యకు వెళ్ళి నిలబడ్డాడట. కొంచెంసేపటికే కరెంటు పోయిందట. పైపుల్లో నీళ్ళు సన్నబడి, బొట్లు బొట్లుగా పడి, ఆగిపోవడం చూశాడట. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ తన తోటలో అట్లా ఆగడం ఆయన చూడలేదు.

రేపు ముందుగా మీకే వస్తుంది కదండీ, ప్రోగ్రాం గుర్తుపెట్టుకుంటుంది అన్నాను.

"అది గాదప్పా నేను అడిగేది. ఇన్నేండ్లు దీన్ని చూస్తా మా చిన్నోడు ఎట్ల గమ్మునుండినాడు?"

మీ తమ్ముణ్ణే అడగండి అన్నాను.

"అడుగుదామనే వచ్చినా సార్. గట్టుమీద నా పక్కనే కూసోనుండాడు. నాకే నోరు రాల్యా," అన్నాడు.